బాలింత దిగులు: ముందుగనే కానవచ్చు కారణములు

గ్రామమున ఒక యింట బిడ్డ పుట్టినదని తెలిసినపుడు పెద్దలు సామాన్యముగా రెండు ప్రశ్నలు అడుగుదురు. కాన్పు సుఖముగా జరిగినదా? మగబిడ్డయా, ఆడబిడ్డయా? మొదటి ప్రశ్న అడుగవలసినదే. రెండవదానిని గూర్చి కొంత చెప్పవలసి యున్నది. అది తరువాత చెప్పుదుము. నెల దినములు గడచిన పిమ్మట అడుగవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు: తల్లి మనస్సు ఎట్లున్నది? ఈ ప్రశ్న అడుగువారు బహు స్వల్పము.

కాన్పుల విషయమున మన ప్రాంతము సాధించిన అభివృద్ధి చిన్నది కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగాను, తెలంగాణలో నూటికి 97 వరకును కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. తల్లికి రక్తపోటు చూచుచున్నారు, బిడ్డను తూచుచున్నారు, టీకాలు వేయుచున్నారు. దిగులును తూచు త్రాసు మాత్రము ఎవరి యింటను లేదు. పైగా ప్రచార చిత్రములలో బాలింత ఎల్లప్పుడు నవ్వుచునే కనబడుటచేత, నవ్వని బాలింతయందు ఏదో లోపమున్నదని ఇంటివారు తలచుటకు అవకాశము కలుగుచున్నది.

కాన్పు తరువాత తల్లికి వచ్చు మానసిక కుంగుబాటు ఆకాశమునుండి ఊడిపడునది కాదు. దానికి దారితీయు పరిస్థితులలో చాలభాగము బిడ్డ పుట్టుటకు ముందే ఆ యింట నెలకొని యుండును. ఇరుగుపొరుగు వారికి అవి తెలిసియే యుండును. ఏ యింట అప్పులవారు వాకిట నిలుచుచున్నారో, ఏ యింట మగడు రాత్రి త్రాగి వచ్చుచున్నాడో, ఏ యింట ఈసారియైనను మగపిల్లవాడే కలుగవలెనని పట్టుదల కలదో, వైద్యునికంటె ముందుగా వార్డు సభ్యునకే తెలియును. ఆ తెలివిడిని తల్లికి మేలుగా మార్చుట ఎట్లో చెప్పుటకే ఈ వ్యాసము.

ఇది ఏమి జబ్బు?

కాన్పైన మూడవ నాలుగవ దినమున చాలమంది తల్లులకు కారణము లేకయే కన్నీరు వచ్చును. చిరాకు కలుగును, నిద్ర పట్టదు. తల్లులలో సగముమందికి, అంతకంటె ఎక్కువమందికి గూడ ఇట్లు జరుగును. ప్రసవముతో శరీరమందలి హార్మోనులు హఠాత్తుగా తగ్గుటయు, అలసటయు ఇందుకు కారణములని వైద్యులు చెప్పుదురు. విశ్రాంతి, మంచిమాట లభించినచో రెండు వారములలోపల ఇది దానంతట అదియే పోవును. దీనిని జబ్బు అనరాదు.

రెండు వారములు దాటినను దిగులు విడువనిచో అది వేరు సంగతి. ఇదివరలో ఇష్టముగా చేసిన పనిమీద మనసు పోదు. ఆకలి మందగించును. బిడ్డ నిద్రించినను తల్లికి కన్ను మూతపడదు. తాను చేతకాని తల్లినను తలంపు, బిడ్డమీద మమకారము కలుగుట లేదేమను భయము, తుదకు బ్రతుకుమీద విరక్తి కలుగును. దీనినే వైద్యులు ప్రసవానంతర కుంగుబాటు అందురు. ఈ వ్యాసమున బాలింత దిగులు అని వాడుచున్నాము. ఇది మొదటి వారములలో ప్రారంభము కావచ్చును. కాన్పైన సంవత్సరములోపల ఎప్పుడైనను తలయెత్తవచ్చును. ఇంకొక సంగతి. మన స్త్రీలలో అనేకులు దిగులుగా నున్నదని నోట చెప్పరు. తలనొప్పి అందురు, నడుము లాగుచున్నదందురు, గుండెదడ అందురు, నీరసమందురు. మాటిమాటికి ఒంటినొప్పులు చెప్పు బాలింతను సోమరి యని తీసివేయక, ఆమె మనసును గూర్చి గూడ ఒక మాట అడుగుట మంచిది.

మూడవది అరుదైనది, కాని అత్యంత ప్రమాదకరమైనది. వేయి కాన్పులలో ఒకరికో ఇద్దరికో వచ్చును. సామాన్యముగా మొదటి రెండు వారములలోనే బయటపడును. బాలింత రాత్రులు నిద్రపోక, సంబంధము లేని మాటలాడుచు, లేని గొంతులు వినుచు, బిడ్డకు ఎవరో కీడు చేయుదురని గాని, బిడ్డయే మారిపోయినదని గాని భయపడవచ్చును. గాలి సోకినదని భూతవైద్యుని యింట మూడు దినములు గడపుట తల్లికిని బిడ్డకును ప్రాణాంతకము కావచ్చును. అదే దినమున 108 వాహనమునైనను పిలిచి ఆసుపత్రికి చేర్పవలెను. అంతవరకు ఆమెను ఒంటరిగా విడువరాదు. బిడ్డను ఆమె దగ్గరనే యుంచినను పక్కన మరియొకరు ఉండి తీరవలెను. చికిత్సతో వీరిలో చాలమంది పూర్తిగా కోలుకొందురు.

ఇక మధ్యదియగు బాలింత దిగులు ఎంతమందికి వచ్చుచున్నది? మన దేశమున జరిగిన 38 పరిశోధనలను, 20,000కు పైగా తల్లుల వివరములను ఒకచోట చేర్చి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక సమీక్ష ప్రకటించిరి. దాని ప్రకారము నూటికి 22 మంది తల్లులలో ఈ లక్షణములు కానవచ్చినవి. ప్రాంతమును బట్టి, ప్రశ్నించు పద్ధతిని బట్టి అంకెలు మారుచుండును. ఏటా యాభై కాన్పులు జరుగు పంచాయతీలో పదిమంది అనుకొన్నను, ఆ పదిమంది ఎవరో చెప్పగలిగిన సర్పంచి ఉండుట కష్టము.

పొరుగు గ్రామముల సాక్ష్యము

మన చిత్తూరు జిల్లాకు పొరుగుననే తమిళనాడులోని వేలూరు ప్రాంతము కలదు. అక్కడి కణియంబాడి బ్లాకు గ్రామములలో 359 మంది స్త్రీలను గర్భిణులుగా ఉన్నపుడును, కాన్పు తరువాతను వైద్యులు పరిశీలించిరి. ఫలితములు 2002లో ప్రకటింపబడినవి. కాన్పు తరువాత క్రొత్తగా దిగులు కలిగినవారు నూటికి 11 మంది. ఎవరికి ఎక్కువగా వచ్చినదని చూడగా తేలిన విషయములు ఇవి: స్వల్ప ఆదాయము, కొడుకు కావలెనని కోరుకొన్న యింట కుమార్తె పుట్టుట, అత్తగారితో గాని కన్నవారితో గాని పొసగకుండుట, గర్భముతో నున్న నెలలలో మరణము, నష్టము వంటి కష్టము సంభవించుట, ఇంటిపనిలో చేతి సాయము లేకుండుట.

ఈ జాబితా చదివినవారికి ఇందులో వైద్యశాస్త్ర రహస్యమేదియు లేదని బోధపడును. ఇవన్నియు ఊరందరికి తెలిసిన సంగతులే. తేడా యేమనగా, ఊరు వీటిని సంసారపు గొడవలని తీసివేయుచున్నది. వైద్యులు వీటిని జబ్బునకు దారులని చెప్పుచున్నారు.

గోవాలో జరిగిన మరియొక పరిశోధన గూడ 2002లోనే వెలువడినది. అక్కడ 270 మంది తల్లులను గర్భము చివరి నెలలనుండి కనిపెట్టి చూచిరి. కాన్పైన ఆరు, ఎనిమిది వారముల నాటికి నూటికి 23 మందికి కుంగుబాటు ఉన్నట్లు తేలినది. పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గమనింపదగిన అంకెలు ఆ తరువాత వచ్చును. ఆ దిగులు తల్లులలో నూటికి 78 మందికి గర్భిణీ దశయందే మనోవేదన ఉండినది. వారిలో సగముకంటె ఎక్కువమంది ఆరు నెలల నాటికి గూడ కోలుకొనలేదు. పేదరికము, భార్యాభర్తల మధ్య సఖ్యత లేకుండుట జబ్బు వచ్చుటకే గాక, వచ్చినది పోకుండుటకు గూడ కారణములైనవి. అదే తల్లుల బిడ్డలను పిమ్మట పరిశీలింపగా, దిగులు తల్లుల బిడ్డలు ఆరవ నెలలో తక్కువ బరువుతోను, తక్కువ పొడవుతోను ఉండిరి. అంగన్‌వాడీ తూకములో బిడ్డ ఎదుగుట లేదని కనబడినపుడు తల్లి పాలను గూర్చియు, పౌష్టికాహారమును గూర్చియు అడుగుదురు. తల్లి నిద్రను గూర్చి గూడ అడుగవలసి యున్నది.

ఆడబిడ్డ మాట

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వచ్చెదము. మగబిడ్డయా, ఆడబిడ్డయా యని అడుగుటలో దోషము లేదని కొందరనవచ్చును. దోషము జవాబు విన్న తరువాత ముఖమున కనబడు మార్పులో నున్నది. మంచముమీద పడియున్న బాలింత ఆ ముఖములను చూచుచునే యుండును. భర్త రెండు దినములు ఆసుపత్రికి రాకుండుట, అత్తగారు బిడ్డను ఎత్తుకొనకుండుట, చూడవచ్చినవారు "పోనిమ్ము, ఈసారి కొడుకు పుట్టునులే" యని ఓదార్చుట — ఇవన్నియు ఆమె ఏదో తప్పు చేసినదని చెప్పకయే చెప్పుట. మీద చెప్పిన రెండు పరిశోధనలలోను, 2017 నాటి సమీక్షలోను ఆడబిడ్డ పుట్టుట బాలింత దిగులుకు ఒక కారణముగా తేలినది. బిడ్డ ఆడదగుటయే జబ్బు తెచ్చునని దీని అర్థము కాదు. బిడ్డ పుట్టుకను ఇల్లు స్వీకరించిన తీరు జబ్బు తెచ్చుచున్నది.

తల్లి బీజమున ఎల్లప్పుడు ఎక్స్ అను ఒకే విధమైన క్రోమోజోము ఉండును. తండ్రి బీజకణములలో కొన్నిటియందు ఎక్స్, కొన్నిటియందు వై ఉండును. వై కలిసినచో కొడుకు, ఎక్స్ కలిసినచో కూతురు. అనగా బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రినుండి వచ్చిన కణము. అదియు ఎవరి యిచ్ఛకును లోబడినది కాదు. ఈ చిన్న విషయము గ్రామసభలో ఒకసారి చెప్పి చూడుడు. పురుషులు కొంత ఇబ్బందిగా కదలుదురు. స్త్రీలు తలలు వంచుకొని నవ్వుకొందురు. అయినను చెప్పుట మంచిది. గర్భస్థ శిశువు లింగము తెలిసికొనుట, తెలుపుట 1994 నాటి చట్టముచే నిషిద్ధమని గూడ అప్పుడే జ్ఞాపకము చేయవచ్చును.

సారాయి, దెబ్బలు, అప్పు

భర్త కొట్టుట, తిట్టుట గర్భిణీ దశలోను తరువాతను దిగులుకు ప్రబలమైన కారణము. దీనికి మద్యము తోడగుట సామాన్యము. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు వ్యతిరేకముగా లేచినపుడు వారు చెప్పినది ఈ సంగతియే: ఇంటికి రావలసిన కూలి దుకాణమున మిగులును, ఇంటికి దెబ్బలు వచ్చును. నాటి ఉద్యమమును గూర్చి గర్వముగా చెప్పుకొనెడు పంచాయతీలు, తమ ఊరిలో అనుమతి లేని బెల్టు దుకాణము నడుచుచుండగా చూచి ఊరకుండుట ఏమి న్యాయమో మాకు అర్థము కాదు. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో వచ్చినది. 181 అను మహిళా సహాయ సంఖ్యకు ఏ సమయమునందైనను ఫోను చేయవచ్చును. ఇట్టి తగవు పంచాయతీ ముందుకు వచ్చినపుడు, "సర్దుకొని పొమ్మ"ని బాలింతకే బుద్ధి చెప్పి పంపుట పెద్దమనుష్యులకు సులభమైన తీర్పు కావచ్చును. ఆమె మరల అదే యింటిలోనికి, అదే రాత్రిలోనికి పోవుచున్నదని తెలిసి ఆ తీర్పు చెప్పవలెను.

పేదరికము మనస్సును క్రుంగదీయు విధము కొంత వివరింపదగినది. కాన్పు కోత ద్వారా జరిగిన స్త్రీకి వారములకొలది విశ్రాంతి వలయును. కూలి లేక గడవని యింట ఆమె మూడవ వారముననే కలుపునకు పోవును. రాత్రి బిడ్డ నిద్రపోనీయదు. పగలు పొలము నిద్రపోనీయదు. నిద్రలేమి దిగులును పెంచును. దిగులు నిద్రను చెరచును. ఆసుపత్రి ఖర్చునకు తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుచు, "నీ కాన్పువలననే గదా" అను మాట ఇంట వినబడిన చాలును. మాతృత్వ సహాయముగా ప్రభుత్వమునుండి రావలసిన సొమ్ము, ఉపాధిహామీ బకాయిలు, రేషను సకాలమున చేరునట్లు చూచుట కేవలము కాగితపు పని కాదనియు, అది ఆ తల్లికి మందుతో సమానమనియు పంచాయతీలు గ్రహింపవలెను.

అత్తగారిని గూర్చి ఒక మాట. అత్తాకోడండ్ర తగవులు మన నాటకములలో నవ్వు పుట్టించును. బాలింత గదిలో నవ్వు పుట్టింపవు. అయినను నింద అంతయు ఆమెపై మోపుట న్యాయము కాదు. రాత్రి రెండు గంటలకు బిడ్డను ఎత్తుకొని తిరుగగలిగినది, కోడలికి నాలుగు గంటల నిద్ర ఇప్పింపగలిగినది ఆ యింట తరచు ఆమె యొక్కతెయే. ఆమెకు జబ్బు లక్షణములు ఓపికతో తెలిపినచో ఆమెయే మొదటి కావలి యగును. పథ్యము పేరిట బాలింతకు నీరు తగ్గించి, కూరలు మాన్పించు ఇండ్లలో ఆ అలవాటు మాన్పుటకు గూడ అత్తగారి నోటి మాటకు ఉన్న బలము మరెవ్వరి మాటకు లేదు. మన రాష్ట్రములు రెండింటను 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని మీద పేర్కొన్న సర్వేయే తెలుపుచున్నది. రక్తము తక్కువైన తల్లికి నీరసము, దిగులు రెండును హెచ్చును. కాన్పు తరువాత థైరాయిడ్ గ్రంథి చెడుట వలనను ఇట్టి లక్షణములే కలుగవచ్చును గనుక రక్తపరీక్ష చేయించుట అవసరము.

ఊరు మరచువారు

ఇదివరలో ఒకసారి మానసిక వ్యాధికి గురియైన స్త్రీకి కాన్పు తరువాత అది తిరుగబెట్టు అవకాశము హెచ్చు. పెండ్లి సమయమున దాచిన సంగతిని గర్భిణియైన పిమ్మట గూడ దాచుచుందురు. కొందరు వాడుచున్న మందును ఎవరికిని తెలియకుండ మానివేయుదురు. ఇది ప్రమాదము. వైద్యునితో మాత్రము చెప్పి, ఆయన సలహా ప్రకారమే మందు మార్చుటో, కొనసాగించుటో చేయవలెను.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మరియొకతె. ఆశా కార్యకర్త ఇంటింటికి పోవునది నవజాత శిశువు కొరకు. బిడ్డయే లేని యింటి గుమ్మము దాటిపోవుట సులభము. పాలు వచ్చి, చేతిలో బిడ్డ లేని ఆ స్త్రీ గూడ బాలింతయే. ఆమెను చూడవచ్చినవారు ఏమి మాట్లాడవలెనో తెలియక రాకుండ మానుదురు. ఊరిలో అందరికంటె ముందు పలకరింపదగినది ఆమెను. నెలలు నిండకుండ పుట్టి ఆసుపత్రి గాజుపెట్టెలో నున్న బిడ్డల తల్లులు, చిన్న వయసుననే పెండ్లియై తల్లులైన బాలికలు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయిన భర్తలు విడిచిన ఒంటరి ఇల్లాండ్రు — వీరిని గూడ జ్ఞాపకముంచుకొనవలెను.

అయితే పైన చెప్పిన కారణములున్న ప్రతి స్త్రీకి జబ్బు వచ్చునని భావింపరాదు. అవి ఏవియు లేని కలవారి యింట గూడ రావచ్చును. కారణములను తెలిసికొనుట ఆమెపై ముద్ర వేయుటకు కాదు. ఆమె గుమ్మము ముందు రెండుసార్లు ఎక్కువగా ఆగుటకు.

సహాయము దొరకు చోటులు

బాలింత దిగులు నయమగు జబ్బు. ఓపికగా మాటలతో చేయు చికిత్స, అవసరమైనచో మందులు, ఇంటివారి తోడ్పాటు ఇందుకు సాధనములు. మందు వాడినచో బిడ్డకు పాలీయరాదని పలువురు భయపడుదురు. పాలిచ్చు తల్లులకు తగిన మందులు కలవు; నిర్ణయము వైద్యునిది.

గ్రామ కార్యకర్తలవలన ఇట్టి పని జరుగునా యను సందేహము కొందరికి కలుగవచ్చును. పాకిస్తానులో రావల్పిండి సమీప గ్రామములలో దీనిని పరీక్షించి చూచిరి. ఆ కార్యకర్తలు మనస్తత్వ శాస్త్రము చదివినవారు కారు. ఇంటింటికి తిరుగు సామాన్య ఆరోగ్య సేవికలు. గర్భము చివరి నెలనుండి ఆరంభించి, దిగులుతో నున్న తల్లులతో పదహారు పర్యాయములు కూర్చుండి మాట్లాడు విధము వారికి నేర్పిరి. 2008లో ఫలితములు ప్రకటించిరి. బిడ్డకు ఆరవ నెల వచ్చునప్పటికి, ఈ సహాయము పొందిన తల్లులలో నూటికి 23 మందికి మాత్రమే కుంగుబాటు మిగిలినది. కేవలము మామూలు సందర్శనములు పొందిన తల్లులలో నూటికి 53 మందికి మిగిలినది. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పుస్తకముగా అచ్చువేసినది.

మన ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో కాన్పైన తల్లి యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో పోవలసి యున్నది. బిడ్డకు 6, 10, 14 వారములలో టీకాలు పడును. ఇన్ని సందర్భములు చేతిలో నున్నవి. పదునాలుగవ దినము తరువాత ప్రతిసారి రెండు ప్రశ్నలు అడిగిన చాలును. గడచిన నెలలో తరచుగా దిగులుగా, నిరాశగా అనిపించినదా? ఏ పనిమీదను ఆసక్తి, సంతోషము లేకుండ పోయినదా? రెంటిలో ఒకదానికి అవునన్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి వద్దకు తోడుండి తీసికొనిపోవలెను. 1987లో స్కాట్లండులో సిద్ధపరచిన పది ప్రశ్నల పట్టిక యొకటి కలదు. వైద్య సిబ్బంది దానిని వాడుకొందురు. చచ్చిపోవలెనని అనిపించుచున్నదా యని అడిగినచో లేని ఆలోచన పుట్టించినట్లగునని భయపడనక్కరలేదు. అడుగుటవలన భారము దిగును. అట్టి ఆలోచన కలదని ఆమె చెప్పినచో ఆ రాత్రి ఆమె ఒంటరిగా ఉండరాదు, పురుగుమందు ఇంట ఉండరాదు, మరునాటివరకు ఆగరాదు.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము, ఆసుపత్రిలో చేర్చుకొన్న తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సామాన్యముగా వేరుచేయరాదు. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర మానసిక ఒత్తిడికి లోనైనవారుగా భావించవలెనే గాని దోషులుగా చూడరాదనియు ఆ చట్టమే చెప్పుచున్నది. పోలీసు కేసు భయముచే చికిత్సను ఆలస్యము చేయు కుటుంబములకు ఈ సంగతి తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన పని

ఒక హెచ్చరికతో ప్రారంభింతుము. ఫలానా వారి కోడలికి మనసు బాగులేదను మాట రచ్చబండమీద వినబడిననాడు ఆమెకు చేసిన మేలు అంతయు పోవును. పేర్లు సమావేశపు పుస్తకములో వ్రాయరాదు. ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు, ఆ వార్డు సభ్యురాలికి తెలిసిన చాలును. రెండు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి గనుక ఈ పనికి తగినవారు ప్రతి పంచాయతీలోను కలరు. బాలింతను పలకరించుటకు సభ్యురాలే పోవలెను. సభ్యురాలి భర్తగారు పోయి ప్రయోజనము లేదు.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము కూడినపుడు కాలువలు, దోమలు మాత్రమే గాక, ఆ నెలలో గర్భిణులైన స్త్రీలలో తోడు అవసరమైనవారు ఎందరని ఒక ప్రశ్న వేయవచ్చును. సంఖ్య చాలును. సీమంతము జరుగు నాటికే ఈ విచారణ మొదలు కావలెనని గోవా అంకెలు చెప్పుచున్నవి. భర్తలతో మాట్లాడు పని పురుష సభ్యులది. బిడ్డను ఒక పూట ఎత్తుకొనుట, నీళ్లు కాచుట, భార్య మాట పది నిమిషములు వినుట మగతనమునకు తక్కువ కాదని ఒక పెద్ద మనుష్యుడు చెప్పినచో అది కరపత్రములకంటె ఎక్కువగా పనిచేయును. ఈ మాట కరపత్రములు వ్రాయు ఉద్యోగమున నున్న మేమే చెప్పుచున్నాము.

మన ఆచారమున ఒక చిక్కు కలదు. మొదటి కాన్పునకు కూతురిని పుట్టింటికి తీసికొని వత్తురు. కాన్పు ఒక ఊరిలో జరుగును. మూడవ నెలలోనో, ఐదవ నెలలోనో బాలింత అత్తవారి ఊరికి పోవును. పుట్టినింట ఆమెకు తల్లి చేతి అన్నము, కొంత నిద్ర లభించును. పుట్టినింటి ఆశా కార్యకర్త సందర్శనములు 42వ దినముతో ముగియును. అత్తవారి ఊరిలో ఆమె అడుగుపెట్టునప్పటికి అక్కడి కార్యకర్త దృష్టిలో కాన్పు పాతబడినది. పొలము పని, వంట, బిడ్డ, క్రొత్త మాటలు అన్నియు ఒక్కసారిగా మీదపడు ఆ దినములలోనే ఆమె ఏ ఊరి పుస్తకమునను లేకుండ పోవుచున్నది. ఇది ఒకరి దోషము కాదు. రెండు ఊళ్ల నడుమ ఏర్పడిన సందు.

ఈ సందును మూయుటకు ఉత్తరువులు, నిధులు అక్కరలేదు. బాలింత ప్రయాణపు దినము నిశ్చయమైనపుడు, ఆమె సమ్మతి తీసికొని, పుట్టినింటి ఊరి ఆశా కార్యకర్త అత్తవారి ఊరి కార్యకర్తకు ఫోను చేయవలెను. ఎవరి కోడలు, బిడ్డకు ఎన్నవ నెల, వేయవలసిన టీకా ఏది, ఆమెకు నిద్ర పట్టుచున్నదా, ఎవరితో మనసు విప్పి మాట్లాడును — ఇంతే చెప్పవలసినది. బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినపుడు కార్యకర్తలు మరల ఇంటికి వచ్చు ఏర్పాటు 2018 నుండి కలదు గనుక, రెండవ ఊరివారు ఆ వరుసలో ఆమెను చేర్చుకొనవచ్చును. ఇరు గ్రామముల వార్డు సభ్యురాండ్రు ఒకరి ఫోను సంఖ్య నొకరు వ్రాసికొని యుంచుకొన్నచో, అత్తవారింట మొదటి వారము గడచిన తరువాత ఆ గుమ్మమువద్ద ఎవరో ఒకరు ఆగి, బిడ్డను ఎత్తుకొని, తల్లిని పలకరింతురు.